దొరకని పూర్వికులు: స్కాట్లండు పాత రికార్డులు చెప్పే చరిత్ర

కళాశాలలో జన్యుశాస్త్రము బోధించేటప్పుడు నేను ప్రతి సంవత్సరము విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాను. "ప్రతి మనిషికి ముత్తాతలు నలుగురు, ముత్తవ్వలు నలుగురు. ఈ ఎనిమిది మందిలో ఎందరి పేర్లు మీకు తెలియును?" అని. తండ్రివైపు ముత్తాత పేరు చాలామంది చెప్పగలరు. తల్లివైపు ముత్తాత పేరు కొందరు చెప్పగలరు. ముత్తవ్వల పేర్లు, అందులోను వారి పుట్టింటివారి ఇంటిపేర్లు అడిగేసరికి తరగతి అంతా నిశ్శబ్దమైపోతుంది. అడిగిన నాకైనను జవాబు తెలియదు. మా తాతగారు వ్రాసిపెట్టిన వంశావళిలో ఏడు తరముల మగవారి పేర్లు వరుసగా ఉన్నవి; ఆడవారి పేరు ఒక్కటియు లేదు.

పూర్వికులను వెదకుట ప్రభువులకు, జమీందారులకు తగిన పని అని మనలో ఒక అభిప్రాయమున్నది. ఇది సరికాదు. ఒక రైతు, ఒక నేతగాడు, ఒక పనికత్తె ఎక్కడ పుట్టి ఎవరిని పెండ్లాడి ఎక్కడ మరణించినదియు రుజువులతో నిర్ణయింపవచ్చును. ఆ నిర్ణయపద్ధతి ప్రయోగశాలలో మనము అనుసరించే పద్ధతికి చాలా దగ్గరది. ఈ విషయమును తెలిసికొనుటకు స్కాట్లండు దేశము మంచి ఉదాహరణము. ఆ దేశమునుండి 18, 19 శతాబ్దములలో లక్షలాది ప్రజలు కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలండులకు వలస పోయినారు. వారి సంతతివారు నేడు తమ మూలములను వెదకుకొంటూ ఎడింబరోలోని పాత రికార్డులను ఆశ్రయిస్తున్నారు. కొందరికి పూర్వికులు సులభముగా దొరకుతారు; కొందరికి ఎంత వెదకినను దొరకరు. దొరకకపోవుటకు గల కారణములే ఆ దేశ చరిత్రలో ఆసక్తికరమైన భాగము.

ఇంటిలో మొదటి సాక్ష్యము

అన్వేషణ ఇంటినుండి మొదలు కావలెను. స్కాట్లండులో అనేక కుటుంబములవారు ఇంటి బైబిలులోని ఖాళీ పుటలలో పెండ్లిండ్లు, జననములు, మరణములు వ్రాసికొనేవారు. అట్టి పుట చేతికి వచ్చినప్పుడు సంతోషముతో పాటు సందేహము కూడ ఉండవలెను. మొదట చూడవలసినది ఆ బైబిలు ఏ సంవత్సరమున అచ్చయినదను విషయము. గ్రంథము 1822లో అచ్చయినదై, అందులోని మొదటి జననము 1798 నాటిదైనచో, ఆ వ్రాత జరిగిననాటిది కాదు. కనీసము ఇరవై నాలుగేండ్ల తరువాత జ్ఞాపకమునుండి వ్రాసినది. పది మంది పిల్లల జననములును ఒకే సిరాతో, ఒకే చేతివ్రాతతో ఉన్నచో అవియు ఒక్కసారి కూర్చుండి వ్రాసినవే. అట్లని ఆ వ్రాత అబద్ధమని కాదు. సంఘటన జరిగినప్పుడు వ్రాసిన దానికంటె దానికి విలువ తక్కువ అని మాత్రమే. విజ్ఞానశాస్త్రములో ప్రతి కొలతకును దోషపరిమితి ఉన్నట్లే, చరిత్రలో ప్రతి సాక్ష్యమునకును ఒక పరిమితి ఉన్నది.

మరణపత్రము జననమునకు దారి

స్కాట్లండులో ప్రభుత్వమువారు జనన, మరణ, వివాహములను తప్పనిసరిగా నమోదు చేయుట 1855 జనవరి 1వ తేదీన ప్రారంభమైనది. ఇంగ్లండులో ఈ పని 1837లోనే మొదలైనది. పద్దెనిమిదేండ్లు ఆలస్యమైనను స్కాట్లండువారు ఎక్కువ వివరములు సేకరించినారు. ఇంగ్లండు మరణపత్రములో మరణించినవాని తల్లిదండ్రుల పేర్లు ఉండేవి కావు. స్కాట్లండు మరణపత్రములో తండ్రి పేరు, అతని వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉన్నవి.

దీని ప్రయోజనమును గమనించండి. ఒక వృద్ధుడు 1856లో ఎనభై ఏండ్ల వయస్సున మరణించినాడనుకొందాము. అతడు 1776 ప్రాంతమున పుట్టినవాడు. అతని తల్లిదండ్రులు 1750 ప్రాంతమునో, అంతకు ముందో పుట్టి ఉంటారు. అనగా ఒక్క కాగితము మనలను వంద సంవత్సరములు వెనుకకు తీసికొనిపోవుచున్నది.

మొదటి సంవత్సరమైన 1855 నాటి పత్రములు వంశాన్వేషకులకు పెన్నిధి. ఆ ఒక్క సంవత్సరము జననపత్రములో తల్లిదండ్రుల వయస్సులు, వారు పుట్టిన ఊళ్ళు, వారి పెండ్లి ఎప్పుడు ఎక్కడ జరిగినది, అంతకుముందు పుట్టిన పిల్లలెందరు, వారిలో బ్రతికి ఉన్నవారెందరు అనునవన్నియు వ్రాయవలసి వచ్చినది. మరణపత్రములో చనిపోయినవాని పిల్లల పేర్లు, వయస్సులు కూడ ఉండేవి. రిజిస్ట్రారులకు ఈ భారము మోయరానిదైనది. మరుసటి సంవత్సరమే చాలా వివరములను తీసివేసినారు. తల్లిదండ్రుల పెండ్లి తేదీ, స్థలము 1861 నుండి జననపత్రములలో మరల చేరినవి. కావున తన పూర్వికుని అన్నదమ్ములలో ఒక్కడైనను 1855లో పుట్టియో, గిట్టియో ఉన్నచో అన్వేషకునికి అది అదృష్టమే.

అయినను ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. మరణపత్రములోని వివరములు మరణించినవాడు చెప్పినవి కావు. కొడుకో, అల్లుడో, పొరుగువాడో చెప్పినవి. మరణించినవాని తల్లి పుట్టింటి పేరు అల్లునికి తెలియునా? చెప్పినవానికి ఎంత తెలియునో పత్రమునకు అంతే తెలియును. అందుచేత ఎవరు చెప్పి వ్రాయించినారో ఆ సంతకమును కూడ చూడవలెను.

జనాభా లెక్కలు

బ్రిటనులో పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీయుట 1801లో ఆరంభమైనది. కాని స్కాట్లండు అంతటికి మనుష్యుల పేర్లతో సహా నిలిచియున్న లెక్కలలో మొదటివి 1841 నాటివి. ఆ సంవత్సరము పదిహేనేండ్లు దాటినవారి వయస్సును ఐదు యొక్క గుణిజమునకు తగ్గించి వ్రాయవలెనని నియమముండేది. ముప్పది నాలుగేండ్లవాడు ముప్పదేండ్లవాడుగా కనిపిస్తాడు. ఈ నియమము తెలియనివారు పుట్టిన సంవత్సరమును నాలుగేండ్లు తప్పుగా లెక్కించి, రికార్డులలో లేని శిశువు కొరకు వెదకుతూ ఉంటారు. పుట్టిన ఊరి పేరు కూడ ఆ లెక్కలలో లేదు. అదే జిల్లాలో పుట్టినాడా లేదా అనునది మాత్రమే ఉన్నది. 1851 నుండి వయస్సు, పుట్టిన పారిష్, ఇంటి యజమానితో గల బంధుత్వము వ్రాసినారు. పారిష్ అనగా ఒక చర్చి పరిధిలోని గ్రామ మండలము.

ఈ లెక్కలను వంద సంవత్సరముల పాటు గోప్యముగా ఉంచుతారు. 1921 నాటి లెక్కలు 2022లో ప్రజలకు అందుబాటులోకి వచ్చినవి.

పారిష్ రిజిస్టర్లు, అందులోని ఖాళీలు

1855కు ముందు కాలమునకు చర్చి రికార్డులే ఆధారము. స్కాట్లండు పారిష్ రిజిస్టర్లలో అన్నింటికంటె పాతది పెర్త్‌షైరులోని ఎర్రల్ గ్రామమునకు చెందినది. అది 1553 నాటిది. మొత్తము మీద దాదాపు 900 పారిష్‌లనుండి సుమారు 3,500 సంపుటములు మిగిలినవి. వీనిలో జననములకంటె బాప్తిస్మములు, పెండ్లిండ్లకంటె పెండ్లి ప్రకటనలు ఎక్కువగా కనిపిస్తవి. ఖనన రికార్డులు చాలా తక్కువ. కొన్ని చోట్ల శవపేటికపై కప్పే వస్త్రమును చర్చివారు అద్దెకు ఇచ్చేవారు. ఆ అద్దె జమ అయిన పద్దు ఒక్కటే ఒక మనిషి మరణమునకు మిగిలిన సాక్ష్యము కావచ్చును.

ఈ రిజిస్టర్లలో పేరు లేకపోవుటకు కారణములు పెక్కు గలవు.

మొదటిది పన్ను. 1783లో బ్రిటిష్ ప్రభుత్వము రిజిస్టరులో వ్రాసే ప్రతి బాప్తిస్మమునకు, పెండ్లికి, ఖననమునకు మూడు పెన్నీల సుంకము విధించినది. ఇది 1794లో రద్దయినది. ఈ పదకొండేండ్లలో పేదలు చాలామంది తమ పిల్లల పేర్లు వ్రాయించలేదు. పిల్లలు పుట్టినారు, పేర్లు పెట్టించుకొన్నారు, పెరిగినారు. కాని పుస్తకములో లేరు. మూడు పెన్నీల పన్ను ఖజానాకు ఎంత ఆదాయము తెచ్చినదో ఏమో గాని చరిత్రకు తెచ్చిన నష్టము మాత్రము తీరనిది.

రెండవది మతభేదము. స్కాట్లండు చర్చినుండి 1733లో ఒక వర్గము, 1761లో మరియొక వర్గము విడిపోయినవి. 1843లో మహావిభేదము వచ్చి సుమారు మూడోవంతు మతగురువులు బయటికి పోయి స్వతంత్ర చర్చిని స్థాపించినారు. వారి వెంట పోయిన కుటుంబముల బాప్తిస్మములు పాత పారిష్ రిజిస్టరులో తరచుగా కనిపించవు. వానిని ఆయా శాఖల రికార్డులలో వెదకవలెను. కావున ఒక పేరు దొరకనప్పుడు "ఈ మనిషి లేడు" అనరాదు. "ఈ పుస్తకములో లేడు" అని మాత్రమే అనవలెను. ఈ రెండు వాక్యములకు గల భేదమును విద్యార్థులు బాగుగా గ్రహింపవలెను. కొలత పరికరమునకు అందని వస్తువు లేని వస్తువు కాదు గదా.

మూడవది వివాహ చట్టము. స్కాట్లండు ధర్మశాస్త్రము ప్రకారము వధూవరులు సాక్షుల ఎదుట, మేము భార్యాభర్తలమని ప్రకటించిన చాలును. చర్చి గాని పురోహితుడు గాని అవసరము లేదు. ఇంగ్లండులో 1754 నుండి నియమములు కఠినమైనందున ఆ దేశపు ప్రేమికులు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అను స్కాట్లండు గ్రామమునకు పరుగెత్తుకొని వచ్చేవారు. ఇట్టి ప్రకటన వివాహములు 1940 వరకు చెల్లినవి. వీనికి పారిష్ రిజిస్టరులో నమోదు ఉండకపోవచ్చును. కాని చర్చి పెద్దల సభవారు ఇట్టి దంపతులను పిలిపించి, మందలించి, జరిమానా విధించి, ఆ సంగతి తమ కార్యక్రమ పుస్తకములలో వ్రాసేవారు. రిజిస్టరులో దొరకని పెండ్లి తగవుల పుస్తకములో దొరకుట ఇక్కడి వింత.

పేర్ల చిక్కు

స్కాట్లండు రికార్డులలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన విషయము స్త్రీల పేర్లకు సంబంధించినది. అక్కడ పెండ్లియైన స్త్రీ న్యాయశాస్త్రరీత్యా తన పుట్టింటి ఇంటిపేరును కోల్పోదు. వీలునామాలలో, సమాధిరాళ్ళపై, బాప్తిస్మ పుటలలో ఆమె పుట్టింటి పేరుతోనే కనిపించుట పరిపాటి. మరణపత్రముల సూచికలలో రెండు పేర్లతోను వెదకవచ్చును. ఇంగ్లండులో పెండ్లితో కనుమరుగైపోయే స్త్రీ ఇక్కడ రికార్డులో నిలిచి ఉంటుంది. ఆమె ద్వారా ఆమె తండ్రి, ఆయన ద్వారా మరియొక కుటుంబము దొరకుతుంది. ఒక చిన్న ఆచారము సగము వంశవృక్షమును కాపాడినది.

రెండవ సహాయము పిల్లలకు పేర్లు పెట్టే వరుస. పెద్దకొడుకుకు తండ్రియొక్క తండ్రి పేరు, రెండవవానికి తల్లియొక్క తండ్రి పేరు, మూడవవానికి తండ్రి పేరు పెట్టుట ఆచారము. పెద్దకూతురుకు తల్లియొక్క తల్లి పేరు, రెండవ కూతురుకు తండ్రియొక్క తల్లి పేరు, మూడవ కూతురుకు తల్లి పేరు. తాత పేరు మనుమనికి పెట్టుకొనే మనకు ఇది వింతగా తోచదు.

ఈ నియమమును ఒక ప్రసిద్ధ కుటుంబముపై పరీక్షించి చూతము. స్కాట్లండు జాతీయ కవి రాబర్ట్ బర్న్స్ 1759 జనవరి 25న ఆలోవే గ్రామమున పుట్టినాడు. తండ్రి విలియం, తల్లి ఆగ్నెస్ బ్రౌన్. పెద్దకొడుకు రాబర్ట్, తండ్రియొక్క తండ్రి పేరు రాబర్ట్. రెండవ కొడుకు గిల్బర్ట్. తల్లియొక్క తండ్రి పేరు గిల్బర్ట్. మూడవ కొడుకు తండ్రి పేరుగల విలియం. మగపిల్లల విషయమున నియమము అక్షరాల సరిపోయినది. ఆడపిల్లల విషయము చూడండి. తండ్రియొక్క తల్లి పేరు ఇసబెల్లా. నియమము ప్రకారము రెండవ కూతురు ఇసబెల్లా కావలెను. కాని రెండవ కూతురు అన్నబెల్లా. ఇసబెల్లా అను పేరు 1771లో పుట్టిన మూడవ కూతురుకు వచ్చినది. అందుచేత ఈ ఆచారము ఊహకు దారి చూపును గాని రుజువు కాజాలదు. పరికల్పనను సిద్ధాంతమని భ్రమించినచో ప్రమాదము.

ఈ కుటుంబమే మరియొక పాఠము కూడ నేర్పుచున్నది. తండ్రి తన ఇంటిపేరును 'బర్నెస్' అని చదువదగిన అక్షరములతో వ్రాసికొనేవాడు. కొడుకులు 1786లో ఒక అక్షరము తొలగించి 'బర్న్స్' చేసినారు. అన్నదమ్ములు, తండ్రి వేర్వేరు వర్ణక్రమములతో ఉన్నప్పుడు, ఒక్క రూపమును మాత్రమే వెదకువానికి తండ్రీకొడుకులు సంబంధము లేనివారుగా కనిపిస్తారు.

అక్షరములు చేసిన చిక్కు ఇంకొకటి ఉన్నది. పాత స్కాట్లండు లిపిలో 'య'కు, 'గ'కు దగ్గరి ధ్వనిగల 'యోఘ్' అను అక్షరముండేది. ముద్రణాలయములలో ఆ అచ్చు లేక, ఆకారములో దానిని పోలిన 'జెడ్' అక్షరమును వాడినారు. అందుచేత 'మెన్‌జీస్' అని వ్రాసే ఇంటిపేరును తెలిసినవారు 'మింగిస్' అని పలుకుతారు. చెవితో విని వ్రాసినవాడు ఒక విధముగా, కంటితో చూచి నకలు చేసినవాడు మరియొక విధముగా వ్రాసినారు.

కొందరి పేర్లు రాజశాసనముచేతనే మారినవి. మెక్‌గ్రెగర్ అను తెగ పేరును 1603లో ప్రభుత్వము నిషేధించినది. ఆ పేరు పెట్టుకొన్నవారికి మరణశిక్ష. 1661లో నిషేధము తొలగినది; 1693లో మరల వచ్చినది; 1774లో శాశ్వతముగా రద్దయినది. ఈ కాలమున ఆ తెగవారు ఇతర పేర్లతో జీవించినారు. ప్రసిద్ధుడైన రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ తన తల్లి పుట్టింటి పేరగు కాంబెల్‌ను వాడుకొన్నాడు. నిషేధము తొలగిన తరువాత కొందరు పాత పేరుకు మరలినారు, కొందరు మరలలేదు. తన ముత్తాత పేరు 1775కు ముందు ఏ రిజిస్టరులోను కనిపించని మెక్‌గ్రెగర్‌కు ఈ చరిత్ర తెలిసియుండవలెను.

దీనికి ఎదురు సమస్య ఈశాన్య తీరపు జాలరి గ్రామములలో ఉన్నది. అక్కడ కొద్ది ఇంటిపేర్లే ఉండి, ఒకే పేరుగలవారు ఒకే వీధిలో అనేకులుండేవారు. వారిని గుర్తించుటకు మారుపేర్లు వాడేవారు. ఆ మారుపేర్లు అధికారిక పత్రములలోకి కూడ ఎక్కినవి.

ధనికుల దస్తావేజులు, పేదల వాఙ్మూలములు

భూమి గలవారిని వెదకుట సులభము. 1617లో స్థాపించిన సేసిన్స్ రిజిస్టరులో భూమి చేతులు మారిన వివరములన్నియు ఉన్నవి. పూర్వకాలమున భూమిని అప్పగించేటప్పుడు ఆ పొలములోని మట్టిని, రాతిని కొన్నవాని చేతిలో పెట్టేవారు. ఆ వేడుకను దస్తావేజులో వ్రాసేవారు. 1868 వరకు భూమిని వీలునామాద్వారా ఇచ్చుటకు వీలులేదు. అది పెద్దకొడుకుకు పోవలసినదే. వారసుడు తన హక్కును నిరూపించుకొన్న తీర్పులు 1530 నుండి ఉన్నవి. చరాస్తుల వీలునామాలలో అన్నిటికంటె పాతవి 1514 నాటివి. వీలునామాలో పెద్దకొడుకు పేరు లేదని తండ్రి అతనిని కాదన్నాడని తొందరపడి అనుకొనరాదు. భూమియంతయు అతనికి అప్పటికే చట్టము ఇచ్చియున్నది.

భూమి లేనివారి మాటేమి? ఇక్కడ చరిత్ర ఒక విచిత్రము చేసినది. 1845 నాటి పేదల సహాయ చట్టము ప్రకారము ఒక పేదవానిని ఏ పారిష్‌వారు పోషించవలెనో నిర్ణయించుట అవసరమైనది. అందుచేత సహాయము కోరి వచ్చినవారిని అధికారులు గుచ్చి గుచ్చి అడిగినారు. ఎక్కడ పుట్టినావు? తల్లిదండ్రులెవరు? ఎక్కడెక్కడ నివసించినావు? పిల్లలెందరు? గ్లాస్గో నగరములో 1851 నుండి వ్రాసిన ఈ దరఖాస్తులు నేటికిని అక్కడి మిచ్చెల్ గ్రంథాలయములో ఉన్నవి. కరవునకు ఐర్లండునుండి, ఉత్తరాది కొండసీమలనుండి వచ్చిన కూలివారి జీవితములు అందులో ఉన్నవి. భర్త పోయిన స్త్రీ కొద్దిపాటి సహాయమునకై అధికారి ఎదుట నిలిచి చెప్పుకొన్న మాటలవి. ఆనాడు ఆమెకు అవమానముగా తోచిన ప్రశ్నలే ఈనాడు ఆమె మునిమనుమలకు ఆమెను చూపుచున్నవి. అట్లే 1852నుండి 1857వరకు కొండసీమల, ద్వీపముల పేదలను సుమారు ఐదువేల మందిని ఆస్ట్రేలియాకు పంపిన సంఘమువారి జాబితాలు కూడ నిలిచి ఉన్నవి.

తప్పు తాతను ఎన్నుకొనుట

దొరకకపోవుటకంటె పెద్ద ప్రమాదము తప్పు మనిషి దొరకుట. 1776 ప్రాంతమున పుట్టిన ఒకని కొరకు వెదకగా, ఆ పారిష్‌లో అదే పేరుగల శిశువు బాప్తిస్మము ఒకటి కనిపించినదనుకొందాము. సంతోషముతో అక్కడ ఆగరాదు. ఆ శిశువు పసితనముననే చనిపోయి ఉండవచ్చును. ఖననములు వ్రాయనందున అది మనకు తెలియదు. చనిపోయిన బిడ్డ పేరును తరువాతి బిడ్డకు పెట్టుట ఆనాటి వాడుక. ప్రక్క పారిష్‌లో అదే పేరుగల మరియొకడు ఉండవచ్చును. సరియైన పద్ధతి ఏమనగా, ఆ పేరుగలవారినందరిని ముందు పోగుచేయవలెను. పిమ్మట ఒక్కొక్కరిని కాదనుటకు ఆధారము వెదకవలెను. అన్ని పరీక్షలకును నిలిచినవానిని మాత్రమే అంగీకరించవలెను. ఇద్దరు మిగిలినచో నిర్ణయము కాలేదని వ్రాయవలెను.

ఇంటిపేరు ఒక్కటి గనుక బంధువులమనుకొనుట కూడ పొరపాటు. కొండసీమలలో నాయకుని ఆశ్రయించినవారు అతని ఇంటిపేరు పెట్టుకొనుట కద్దు. వంశగౌరవమునకై కల్పనలకు దిగినవారును ఉన్నారు. 19వ శతాబ్దములో ఇద్దరు సోదరులు తాము స్టూవర్టు రాజవంశీకులమని చెప్పుకొని, తెగల చారల వస్త్రములను గూర్చి పురాతన వ్రాతప్రతి అను పేరుతో 1842లో ఒక గ్రంథము ప్రకటించినారు. వారి అసలు ఇంటిపేరు ఆలెన్. ఆ గ్రంథము కల్పితమని పండితులు తేల్చినారు.

లెక్కలు, రక్తము

ఒక్కొక్క తరమునకు పూర్వికుల సంఖ్య రెట్టింపగును. పది తరములు వెనుకకు పోయినచో 1,024 మంది. ఇరవై తరములకు 10,48,576 మంది. ఇరువది ఒకటవ తరమున 20,97,152 మంది కావలెను. కాని మతగురువు అలెగ్జాండర్ వెబ్‌స్టర్ 1755లో వేసిన లెక్క ప్రకారము స్కాట్లండు మొత్తము జనాభా 12,65,380 మాత్రమే. ఆరు వందల ఏండ్ల క్రింద ఇంకను తక్కువ. అనగా ఒకే పూర్వికుడు వంశవృక్షములో అనేక స్థానములలో ఉండితీరవలెను. దూరము పోయినకొలది అందరి వంశములును కలిసిపోతవి. ప్రభువుల సంతతి అని గర్వించువాడు సేవకుల సంతతి కూడ అగుట గణితముచేతనే సిద్ధించుచున్నది.

ఈ వెబ్‌స్టరే మరియొక మతగురువైన రాబర్ట్ వాలెస్‌తో కలిసి, మతగురువుల వితంతువులకు, అనాథలకు 1744లో ఒక సహాయనిధిని ఏర్పాటు చేయించినాడు. ఏటా ఎందరు మరణిస్తారు, ఎందరు భార్యలను, పిల్లలను విడిచిపోతారు అను వివరములను దేశమంతటినుండి తెప్పించినారు. ఎడింబరో విశ్వవిద్యాలయ గణితాచార్యుడు కోలిన్ మెక్‌లారిన్ ఆ లెక్కలను సరిచూచినాడు. తరువాతి సంవత్సరములలో నిధి వారి అంచనాకు చాలా దగ్గరగా పెరిగినది. కుటుంబముల జనన మరణముల వ్రాతలు భీమాశాస్త్రమునకు పునాది వేసిన తీరు ఇది.

నేడు కాగితము చెప్పలేని చోట డి.ఎన్.ఏ. కొంత చెప్పగలదు. వై క్రోమోసోము తండ్రినుండి కొడుకుకు మాత్రమే సంక్రమిస్తుంది. కావున ఒకే మెక్‌గ్రెగర్ మూలమునుండి వేర్వేరు ఇంటిపేర్లలోనికి పోయిన శాఖలను అది కలుపగలదు. మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఏ. తల్లినుండి పిల్లలకు వస్తుంది. తక్కిన డి.ఎన్.ఏ. తరమునకు సగము చొప్పున తగ్గుతూ, ఐదు తరముల ముందటి ఒక్కొక్క పూర్వికునినుండి సగటున ముప్పది రెండవ వంతు మాత్రమే మనకు చేరుతుంది. రక్తము బంధుత్వమును చెప్పగలదు గాని పేరును చెప్పలేదు. పేరుకు కాగితమే దిక్కు.

ఆంధ్రదేశముతో సంబంధము

స్కాట్లండు పూర్వికులలో కొందరు స్వదేశమున దొరకకపోవుటకు కారణము వారు మన నేలలో నిద్రించుటయే. గ్లాస్గోలో 1761లో పుట్టిన థామస్ మన్రో 1827లో పత్తికొండలో మరణించినాడు. ఆయనవంటి ప్రసిద్ధులే గాక సామాన్య సిపాయిలు, గుమాస్తాలు, వారి భార్యలు, పసిపిల్లలు ఎందరో ఈ తీరమున మరణించినారు. మద్రాసు రాజధానిలోని బాప్తిస్మ, వివాహ, ఖననముల నకళ్ళు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. సమాధుల శాసనములను జె. జె. కాటన్ సేకరించిన గ్రంథము 1905లో మద్రాసులో వెలువడినది.

ఇంతకంటె చిత్రమైన సంబంధము ఒకటి కలదు. సంవర్గమానములను 1614లో లోకమునకు ప్రకటించిన జాన్ నేపియర్ స్కాట్లండువాడు. 18వ శతాబ్దములో ఆయన వంశీకుడైన ఒక నేపియర్ ప్రభువు తన పూర్వికుని జీవితచరిత్ర వ్రాయదలచి, హిందువుల గణితమును గూర్చి తెలిసికొనుటకు స్టోర్నవే గ్రామపు యువకుని సహాయము కోరినాడు. ఆ ప్రభువు 1773లో మరణించినాడు, గ్రంథము పూర్తికాలేదు. కాని ఆ యువకునికి భారతదేశముపై కలిగిన ఆసక్తి పోలేదని అలెగ్జాండర్ జాన్‌స్టన్ చెప్పిన వృత్తాంతము. 1783లో మద్రాసు చేరిన ఆ యువకుడే కోలిన్ మెకంజీ. కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య మొదలగువారి తోడ్పాటుతో ఆయన సేకరింపజేసిన గ్రామ కైఫియత్తులు నేడు మన గ్రామచరిత్రలకు ముఖ్యాధారములు. ఎవరో ఒకరు తమ పూర్వికుని వెదకబోగా, మన పూర్వికుల కథలు మనకు దక్కినవి.

ఉపాధ్యాయులకు ఒక మాట

స్కాట్లండు రికార్డులు 2002 నుండి స్కాట్లండ్స్ పీపుల్ అను అధికారిక అంతర్జాల కేంద్రములో లభిస్తున్నవి. అంత సంపద మనకు లేకపోవచ్చును. కాని పద్ధతి అందరిది. తెలిసినదానినుండి తెలియనిదానికి, నేటినుండి నిన్నటికి ఒక్కొక్క మెట్టు దిగవలెను; ప్రతి మెట్టుకును ఆధారము చూపవలెను; ఆధారము లేని చోట గడిని ఖాళీగా ఉంచవలెను. ఖాళీ గడి సిగ్గుపడదగినది కాదు. కల్పనతో నింపిన గడియే సిగ్గుపడదగినది. ఉన్నత పాఠశాల విద్యార్థులచేత వారి వంశవృక్షములను వ్రాయించండి. ప్రతి పేరు ప్రక్కన ఎవరు చెప్పినారో, ఏనాడు చెప్పినారో కూడ వ్రాయించండి. తల్లులవైపు గడులను వదలిపెట్టనీయకండి.

ఈ వ్యాసమునకై చదువుతూ ఉండగా మా తాతగారి వంశావళి మరల తీసి చూచినాను. గత వేసవిలో, తొంబది ఏండ్లకు చేరువైన మా మేనత్తగారిని అడిగినాను. తన నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరును ఆమె కొంతసేపు ఆలోచించి చెప్పినది. తన తల్లి చెప్పగా విన్నదట. తెలిసియుండియు ఇంతకాలమెందుకు చెప్పలేదంటే, ఎవరును అడుగలేదన్నది. ఆ పేరును, చెప్పినవారి పేరును, తేదీని ఆ పుటలో పెన్సిలుతో వ్రాసినాను. రెండవ ఆధారము దొరికిననాడు సిరాతో దిద్దుతాను.